నాలుగుతో భాగించిన మాట

ఆ ఏడాది మార్చిలో మా కొండమీద మేపుల్ చెట్లు తీపినీరు ఎంత ధారాళంగా కార్చాయంటే, మా కుక్క ఒక చెట్టు దగ్గర కాలెత్తబోయి, చెట్టు తనకంటే ముందే మొదలుపెట్టేసిందని చూసి, సిగ్గుపడి కాలు దించేసింది. ఇది నా కళ్ళతో చూశాను.

ఈ మాట మా ఊళ్ళో ఎవరికైనా చెప్పి చూడండి. "ఆల్వా చెప్పాడా? అయితే నాలుగుతో భాగించు" అంటారు. అది మా ఊరి లెక్క. నేను ఇరవై పౌన్ల చేప పట్టానంటే అయిదు పౌన్లని రాసుకుంటారు. మా చిన్నప్పుడు పన్నెండడుగుల మంచు పడిందంటే మూడడుగులకి సర్దుకుంటారు. ఇందులో నాకేమీ బాధ లేదు. వాళ్ళు భాగిస్తారని తెలుసు కనక నేనూ ముందే నాలుగుతో గుణించి చెప్పేవాణ్ణి. అటూ ఇటూ సరిపోయేది. న్యూ హాంప్‌షైర్ ఉత్తరపు కొసన, ఆర్నెల్లు మంచు కింద ముడుచుకుని పడుకునే ఊళ్ళో మనుషులు ఒకళ్ళనొకళ్ళు భరించాలంటే ఇలాంటి ఏర్పాట్లు కొన్ని ఉండాలి.

ఆ ఏర్పాటు ఒక్కసారే మమ్మల్ని ముంచబోయింది. ఆ మార్చిలోనే. అప్పటికి నాకు అరవై రెండు. ఇప్పుడు తొంభై రెండు. ఈ రెండు అంకెలూ నిజమైనవే, వాటి జోలికి వెళ్ళకండి.

ఇంట్లో ముగ్గురం ఉండేవాళ్ళం. నేను, నా భార్య కెజియా, మా అమ్మాయి లోయిస్. లోయిస్‌కి ముప్పై రెండేళ్ళు. పన్నెండో ఏట షుగర్ జబ్బు వచ్చింది. పెద్దవాళ్ళకి వచ్చే రకం కాదు, పిల్లప్పుడే పట్టుకుని ఇక వదలని రకం. రోజూ సూదులు వేసుకోవాలి. వేలు పొడుచుకుని నెత్తురు చూసుకోవాలి. వేళకి తినాలి. ఇవన్నీ చేసుకుంటూ అది నాకంటే గట్టిగా ఉండేది. వారంలో అయిదు రోజులు నలభై మైళ్ళ దూరంలోని కాగితం మిల్లు ఆఫీసులో కూర్చునేది. ఆ పనంటే ఇష్టమై కాదు. మిల్లు వాళ్ళు ఆరోగ్య బీమా కార్డు ఇచ్చేవాళ్ళు. ఆ కార్డు ఉంటేనే మందులు, డాక్టరు, కళ్ళ పరీక్ష, అన్నీ.

లోయిస్ అసలు పని శని ఆదివారాల్లో. గుర్రాలకి లాడాలు కొట్టేది. ఎంత పొగరుబోతు గుర్రమైనా సరే, లోయిస్ దాని కాలెత్తి మోకాళ్ళ మధ్య ఇరికించుకుంటే నిలబడే కునుకు తీసేది. ఒక గుర్రం గురక పెట్టింది కూడా. సరే, ఇది భాగించుకోండి. చుట్టుపక్కల మూడు జిల్లాల గుర్రాలవాళ్ళు, "అమ్మాయ్, ఆ మిల్లు మానెయ్, మాకు వారమంతా పని ఉంది" అని బతిమాలేవాళ్ళు. అది నవ్వి ఊరుకునేది. సొంత పని చేసుకునేవాళ్ళు బీమా సొంతంగా కొనుక్కోవాలి. ఆ జబ్బున్న మనిషికి అమ్మేదెవడు?

కొత్త సంవత్సరం నాడు మిల్లు గేటుకి కాగితం అంటించారు. మే నెలాఖరుకి మిల్లు మూత. జూన్ నెలాఖరు దాకా కార్డు చెల్లుతుంది. ఆ తర్వాత ఎవరి దారి వాళ్ళది. లోయిస్ ఆ రాత్రే కూర్చుని పదకొండు బీమా కంపెనీలకి ఉత్తరాలు రాసింది. ఫిబ్రవరి నెలాఖరుకి పదకొండు జవాబులూ వచ్చాయి. అన్నిట్లో ఒకటే పాట. ముందునుంచీ ఉన్న జబ్బు కనక వీలుపడదు, మన్నించగలరు. ఒక్క కంపెనీ మాత్రం దయతలిచి, బీమా ఇస్తాం గాని షుగర్‌కీ, దానివల్ల దెబ్బతినే కళ్ళకీ, మూత్రపిండాలకీ, గుండెకీ, నరాలకీ, పాదాలకీ వర్తించదు అని రాసింది. నేను ఆ ఉత్తరం రెండుసార్లు చదివి, "అయితే జుట్టు మిగిలిందే, జుట్టుకి బాగానే ఇస్తున్నారు" అన్నాను. లోయిస్ నవ్వింది. కెజియా నవ్వలేదు. లేచి వెళ్ళి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది.

ఆ రోజుల్లోనే మా రాష్ట్ర రాజధానిలో ఒక బిల్లు నడుస్తోంది. ముందునుంచీ జబ్బు ఉందని చెప్పి ఎవరికీ బీమా కాదనకూడదు, వాళ్ళ దగ్గర ఎక్కువ గుంజకూడదు, ఇంతే దాని సారం. కమిటీలో పదిమంది అవునన్నారు, పదిమంది కాదన్నారు. ఇక సభే తేల్చాలి. మా సభలో నాలుగు వందల మంది. ఏడాదికి వంద డాలర్లు జీతం. అంచేత అందులో కూర్చునేది మన పక్కింటివాళ్ళే. మా ఊరి తరఫున పద్నాలుగేళ్ళుగా వెళ్తున్నవాడు ఈబెన్ ట్విచెల్. మా కొండకి అవతలి వాలులో ఉంటాడు. చెట్లకి పన్నెండు వందల బకెట్లు కట్టి, కారిన నీళ్ళు మరిగించి మేపుల్ పాకం వండుతాడు. నాకు అరవై బకెట్లు. ఆయన పాకం తేనెరంగు, నాది గుర్రపుతోలు రంగు. ఇద్దరికీ ఇంతకుమించి తగాదా లేదు.

ఈబెన్‌ని ఊళ్ళో 'వద్దు ఈబెన్' అనేవాళ్ళు. ప్రతి బిల్లూ మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివేవాడు. చదివాక వద్దని ఓటు వేసేవాడు. కొత్త చట్టం ఆడపిల్లి లాంటిదనీ, జాలిపడి ఇంట్లోకి రానిస్తే వసంతానికి ఏడు పిల్లల్ని పెడుతుందనీ ఆయన సిద్ధాంతం. మాట తక్కువ, పొడుగెక్కువ. చొక్కా జేబులో చిన్న పుస్తకం, పెన్సిల్ ముక్క. ఊళ్ళో ఎవరు ఏ కష్టం చెప్పుకున్నా అందులో రాసుకునేవాడు. రాసుకుని వద్దనేవాడు.

మార్చి మొదటి వారంలో ఒకనాడు దాణా కొట్లో, ఇనప పొయ్యి దగ్గర దొరికాడు. అక్కడ ఇంకో అయిదారుగురు చేతులు కాచుకుంటున్నారు. నేను టోపీ తీసి, జీవితంలో మొట్టమొదటిసారి దేన్నీ గుణించకుండా ఉన్నదున్నట్టు చెప్పాను. పదకొండు కంపెనీలకి రాసింది, పదకొండూ కాదన్నాయి, జూన్ తర్వాత అమ్మాయికి దిక్కు లేదు, ఆ బిల్లు నెగ్గితే తప్ప.

వెనక నుంచి గోతియే అనే కొట్టు యజమాని, "పదకొండంటే రెండూ ముప్పాతిక" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు ఉక్రోషం వచ్చి ఆ జుట్టు సంగతి కూడా చెప్పాను. గుండె, కళ్ళు, పాదాలు అన్నీ తీసేసి మిగతాదానికి బీమా ఇస్తామన్నారని. దానికి ఇంకా గట్టిగా నవ్వారు. ఆల్వా ఈ మధ్య చెప్పినవాటిలో ఇదే బాగుందన్నారు. నేను చెప్పినవాటిలో అదొక్కటే అక్షరం పొల్లుపోని నిజం.

ఈబెన్ నవ్వలేదు. ఆయన ఎప్పుడూ నవ్వడు కనక దాన్నిబట్టి ఏమీ తెలియలేదు. పుస్తకం తీసి ఏదో రాసుకుని, "చదువుతున్నాను ఆ బిల్లు" అని మాత్రం అని, దాణా మూట భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

ఓటు పదిహేడో తారీకు గురువారమని రేడియోలో చెప్పారు.

సోమవారం నాడు ఈబెన్ భార్య ఫీబీ పోస్టాఫీసు మెట్ల మీద మంచుగడ్డ తొక్కి జారి, కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. పిండికట్టు వేశారు. వాళ్ళకి పిల్లల్లేరు. ముప్పై ఏళ్ళుగా ఆయన వండితే ఆవిడ పొయ్యి చూసేది, ఆవిడ వండితే ఆయన చెట్లు చూసేవాడు. ఇప్పుడు మనిషి ఒక్కడు. అదే వారం వాతావరణం మారింది. రాత్రిళ్ళు గడ్డకట్టే చలి, పగలు వెచ్చటి ఎండ. మేపుల్ చెట్టుకి ఇంతకంటే ఏం కావాలి? కారడం మొదలుపెట్టాక ఆ నీళ్ళు నిలవ ఉండవు. పాలలాగే పులుస్తాయి. ఏ రోజు నీళ్ళు ఆ రోజు వండెయ్యాలి.

నా బుర్రలో ఒక దీపం వెలిగింది. గురువారం చెట్లు బాగా కారితే ఈబెన్ పాకం వండే పెనం వదిలి కదల్లేడు. రెండున్నర గంటల దూరం వెళ్ళి ఓటు వేసి రాలేడు. ఒక 'వద్దు' తగ్గుతుంది. ఇంకేం, బుధవారం పొద్దున్నే దాణా కొట్టుకి వెళ్ళి, నా ఎడం మోకాలు పట్టేసిందనీ, అది ఇలా పట్టేసిన మర్నాడు నలభై ఏళ్ళలో చూడనంత నీరు వస్తుందనీ ప్రకటించాను. భాగించినా పదేళ్ళలో చూడనంత అవుతుంది. ఈబెన్ లాంటి వాడికి అది చాలు. కబురు మధ్యాహ్నానికల్లా కొండ దాటుతుందని నాకు తెలుసు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర నా తెలివితేటలు వివరంగా చెప్పాను. కెజియా నవ్వి, నా కంచంలో ఇంకో గరిటెడు చిక్కుడుగింజలు వడ్డించింది. లోయిస్ చెంచా కింద పెట్టింది.

"అయితే రేపు పొద్దున్నే నన్ను వాళ్ళ వంటపాక దగ్గర దింపు నాన్నా" అంది. "మిల్లుకి సెలవు చెప్తాను. ఆయన పెనం నేను చూసుకుంటాను. ఆయన వెళ్ళి ఓటు వేసి వస్తాడు."

నేను దాని మొహంలోకి చూసి, "షుగర్ ఏమైనా పడిపోయిందేమో చూసుకో అమ్మాయ్. మాట తేడాగా వస్తోంది" అన్నాను.

"బాగానే ఉన్నాను."

"ఆయన వద్దంటాడే తల్లీ. పద్నాలుగేళ్ళుగా అదొక్క మాటే వచ్చు ఆయనకి. నీ మెడకి ఉరి పేనేవాడికి నువ్వే తాడు అందిస్తానంటావేమిటి?"

"వద్దనేవాణ్ణి పాకలో కట్టేసి ఈ ఏడు గెలిస్తే, వచ్చే ఏడు ఆయనే వెళ్ళి దాన్ని కొట్టేయిస్తాడు. అప్పుడేం చేస్తావు, ఫీబీ గారి రెండో చెయ్యి విరగ్గొడతావా?"

కెజియా మళ్ళీ నవ్వింది. ఈసారి నా పక్షాన కాదు. పద్నాలుగేళ్ళలో ఆయన ఒక్క రోజు కూడా సభ మానలేదని లోయిస్ మెల్లిగా అంది. ఆ సంగతి నాకూ తెలుసు. తుఫానులో సగం దారి మంచుబూట్లతో నడిచి వెళ్ళిన మనిషి. దానికి నా దగ్గర ఒక కథ ఉంది గాని, అది అప్పుడు పనికిరాదనిపించింది.

ఒక్కటే ఆశ మిగిలింది నాకు. మా వైపు మగవాడు తన భార్యని ఇంకొకడితో నాట్యానికైనా పంపుతాడు గాని, తన పెనం దగ్గర మరొక చెయ్యి పడనివ్వడు. ఈబెన్ ఒప్పుకోడులే అనుకుని పడుకున్నాను.

తెల్లవారుతూ ఉండగా వెళ్ళాం. వంటపాక కప్పు మీంచి అప్పటికే ఆవిరి లేస్తోంది. లోపల ఈబెన్ పొయ్యిలో కట్టెలు వేస్తున్నాడు. కాళ్ళకి పేడ బూట్లు, పైన ఇస్త్రీ ప్యాంటు, మెడలో టై. వెళ్ళాలో ఉండాలో తేల్చుకోలేని మనిషి ఎలా ఉంటాడో బొమ్మ గీసినట్టు ఉన్నాడు. ఫీబీ పిండికట్టు చెయ్యి ఒళ్ళో పెట్టుకుని పెట్టె మీద కూర్చుంది. గోడ పక్కన తొట్టి నిన్నటి నీళ్ళతో అంచుదాకా నిండి ఉంది.

లోయిస్ వచ్చిన పని చెప్పింది. ఈబెన్ వీపు తిప్పి ఇంకో కట్టె పొయ్యిలోకి తోశాడు. నేను లోపల సంతోషించాను. ఆ తర్వాత ఆయన బడిపంతుల్లా ప్రశ్నలు మొదలుపెట్టాడు. నురుగు పొంగితే ఏం చేస్తావు? మీగడ చుక్క వేస్తాను. పాకం ఎప్పుడు దింపుతావు? గరిటె అంచు నుంచి చుక్కలుగా కాకుండా రేకులా జారినప్పుడు. థర్మామీటరు ఉందిగా? ఉంది గాని, ముందు గరిటెనే నమ్ముతాను. ఎవరు నేర్పారు? మా తాత. మీ నాన్న కాదా? కాదు. ఆ మాటకి ఆయన మొహంలో కొంచెం నిమ్మళం కనిపించింది.

అప్పుడు లోయిస్ కోటు విప్పి, జేబులోంచి చిన్న సంచీ తీసి, వేలు పొడుచుకుని, నెత్తురు చుక్క పట్టీ మీద పెట్టింది. "ముందే చెప్తున్నాను ట్విచెల్ గారూ. నాలుగు గంటలకోసారి ఇది చూసుకోవాలి. ఆ రెండు నిమిషాలూ పెనం దగ్గర మా నాన్న నిలబడతాడు. నోరు మూసుకుని."

ఈబెన్ ఆ వేలి వంక చూశాడు. తర్వాత నా వంక చూశాడు. తర్వాత మళ్ళీ లోయిస్ వంక.

"ఆ కంపెనీలు," అన్నాడు. "ఎన్ని?"

"పదకొండు."

"పదకొండు."

"ఉత్తరాలు ఇంట్లో ఉన్నాయి. కావాలంటే తెస్తాను."

"అక్కర్లేదు."

చొక్కా జేబులోంచి పుస్తకం తీశాడు. పేజీలు తిప్పాడు. పెన్సిల్ ముక్క నాలిక మీద తడిచేసుకుని, ఒకచోట అడ్డంగా గీత గీసి, పైన ఏదో రాశాడు. నేను మెడ సాచి చూశాను. కొట్టేసిన అంకె మూడు. రెండూ ముప్పాతికని, పాపం న్యాయంగా మూడు చేసి రాసుకున్నాడు.

పుస్తకం జేబులో పెట్టుకుని, బూట్లు మార్చుకుని, పొయ్యి తలుపు పట్టేస్తుంది, కొంచెం పైకెత్తి లాగాలని లోయిస్‌కి చెప్పి, ట్రక్కెక్కి వెళ్ళిపోయాడు. ఎటు వేస్తాడో చెప్పలేదు. మేం అడగలేదు. మనిషిని ఓటు సంగతి అడగడం మా వైపు లేదు.

ఇక ఆ రోజు వచ్చిన నీళ్ళ సంగతి. నేను చెప్పిన అబద్ధాన్ని చెట్లు నిజం చేసేశాయి. పదింటికల్లా బకెట్లు పొర్లిపోతున్నాయి. ఈబెన్ గుర్రాన్ని బండికి కట్టి నేను నాలుగు సార్లు తిరిగి నీళ్ళు తెచ్చాను. లోయిస్ పెనం దగ్గర్నుంచి కదల్లేదు. ఆవిరిలో అది సగం కనబడి సగం కనబడకుండా, గరిటె ఎత్తి చూస్తూ, దించుతూ. ఫీబీ పెట్టె మీద కూర్చునే సైన్యాధిపతిలా ఆజ్ఞలు జారీ చేసేది. మొదటి గంట ప్రతిదానికీ వంక పెట్టింది. రెండో గంట తగ్గింది. మూడో గంటకి, ఆ పిల్లకి ఏ మగపిల్లాడూ దొరకలేదంటే ఈ జిల్లా మగపిల్లల్లోనే ఏదో లోపముందని తేల్చింది.

మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. నేను కట్టెలు వేస్తూ, ఎలుగుబంటి ఒకటి మా బకెట్లు తాగి తాగి తప్పతాగినట్టు ఊగుతూ చర్చికి వచ్చిన కథ ఫీబీకి చెబుతున్నాను. పాస్టరు దాన్ని రెండో వరసలో కూర్చోమన్నాడు అనేదాకా వచ్చాను.

"ఆల్వా, ఆపు" అంది ఫీబీ. "అమ్మాయిని చూడు."

లోయిస్ గరిటె పట్టుకుని గోడ వంక చూస్తోంది. గోడ మీద ఏమీ లేదు. నుదుటి మీద చెమట, అది ఆవిరి చెమట కాదు. పేరు పెట్టి పిలిస్తే, రెండు గుర్రాలున్నాయి, ఒకటి తెల్లది అంది. నాకు అర్థమైంది. పొద్దున్నించీ నురుగుతో కుస్తీ పట్టి తిండి మానేసింది. నేను పక్కనే ఉండి ఎలుగుబంటిని చర్చికి తోలుకెళ్తున్నాను.

రేకు గ్లాసులో పాకం ముంచి, తలుపు బయట మంచులో గుచ్చి చల్లార్చి, లోయిస్‌ని కట్టెల మీద కూర్చోబెట్టి గుక్కగుక్కగా తాగించాను. జిల్లాకంతటికీ తీపి వండే చోట నిలబడి ఒంట్లో చక్కెర లేక పడిపోబోయింది నా కూతురు. పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాల్లో నేను ఒక్క కథా చెప్పలేదు. తర్వాత దాని కళ్ళలోకి మనిషి తిరిగొచ్చింది. మొదటి మాట, "పెనం మాడిందా?"

మాడలేదు. ఫీబీ ఎడమచేత్తో మీగడ చుక్క వేసి, గొట్టం తిప్పి కొత్త నీళ్ళు వదిలి, కాపాడేసింది. వచ్చి లోయిస్ పక్కన కూర్చుని, రొట్టె ముక్క విరిచి ఇచ్చింది. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాననీ, ఈ జబ్బు ఇంతటిదని తనకి తెలియదనీ అంది.

"నేను చెప్పానుగా" అన్నాను.

"నువ్వు చెప్పావు" అంది ఫీబీ. అంతే అంది.

ఈబెన్ పొద్దుగుంకే వేళకి వచ్చాడు. టై వదులు చేసుకుంటూ తిన్నగా పాకం డబ్బాల దగ్గరికి వెళ్ళాడు. గాజుసీసాలో కొంచెం పోసి, కిటికీ దగ్గర మిగిలిన వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. చాలాసేపు పట్టుకున్నాడు.

"నాదానికంటే ఒక వన్నె ముదురు" అన్నాడు.

"మధ్యాహ్నం మంట తగ్గించలేకపోయాను" అంది లోయిస్.

"అమ్ముడుపోతుంది."

ఈబెన్ నోట అంతకంటే పెద్ద పొగడ్త నేను వినలేదు, ఆయన పెళ్ళినాడు కూడా. ఫీబీ ఆయన్ని పక్కకి లాక్కెళ్ళి ఏదో చెప్పింది. మధ్యాహ్నం సంగతే అయుంటుంది. ఆయన తల ఊపుతూ విన్నాడు. మేం ట్రక్కెక్కాం. బండి కదలబోతుంటే ఆయన నడుచుకుంటూ వచ్చి కిటికీ అద్దం మీద వేలితో కొట్టాడు. నేను అద్దం దించాను.

"ఆ బిల్లులో ఆరో పేజీ రెండో పేరా దరిద్రంగా రాశారు" అన్నాడు. "వచ్చే ఏడు నేను సరిచేయించాలి." అని వెనక్కి తిరిగి పాకలోకి వెళ్ళిపోయాడు.

కొండ ఎక్కుతున్నంతసేపూ నేను ఆయన్ని తిడుతూనే ఉన్నాను. అంత దూరం వెళ్ళొచ్చి మనిషికి చెప్పే ముక్క అదా, పేరాలూ పేజీలూనా అని. మైలు దూరం పోయాక లోయిస్ అంది:

"సరిచేయించాలంటే ముందు అది ఉండాలి కదా నాన్నా."

నేను ట్రక్కు పక్కకి ఆపేశాను. రోడ్డు సరిగా కనబడలేదు. మార్చిలో అద్దాలకి ఆవిరి పట్టేస్తుంది.

శుక్రవారం పత్రికలో నాలుగు వందల పేర్లూ చీమల బారులా వేశారు. కెజియా భూతద్దం తెచ్చింది. ట్విచెల్ పేరు 'అవును' వరసలో ఉంది. బిల్లు పందొమ్మిది ఓట్ల తేడాతో నెగ్గింది. అంటే ఈబెన్ పాకలోనే ఉండిపోయినా నెగ్గేదే. కాని శనివారం పక్క ఊరి సభ్యురాలు ప్లూర్డ్ గారు గుర్రానికి లాడాలు కొట్టించుకోవడానికి వచ్చి ఇంకో సంగతి చెప్పింది. పద్నాలుగేళ్ళలో ఎన్నడూ సభలో నోరు విప్పని ఈబెన్ ఆ రోజు లేచి నిలబడ్డాడట. మా ఊళ్ళో ఒకమ్మాయిని పదకొండు కంపెనీలు కాదన్నాయి, నేను మూడే అనుకున్నాను, అని కూర్చున్నాడట. ఆ తర్వాత ఉత్తరాది రైతు సభ్యులు కొందరు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారట. ఆ రెండు ముక్కలకి ఇరవై మంది మారారని నేను అందరికీ చెబుతాను. ఎంతమంది మారారో నిజానికి ఎవరికీ తెలియదు.

ఏప్రిల్ రెండో వారానికి చెట్లు మొగ్గ వేశాయి. నీళ్ళు చేదెక్కాయి. బకెట్లు దించి కడిగి బోర్లించాం. పై సభా ఒప్పుకుంది. గవర్నరు సంతకం పెట్టాడు. చట్టం జూలై ఒకటి నుంచి. మే నెలాఖరున మిల్లు కూత ఆగిపోయింది. ఆ వారమే లోయిస్ మా కొట్టం పక్కన దాగలి పాతి, కొలిమి పెట్టి, వారమంతా పని మొదలుపెట్టింది. దాణా కొట్లో నా లెక్క మాత్రం మారలేదు. మా అమ్మాయి గురించి ఏదైనా చెబితే భాగించకుండా వింటారు. మిగతావాటికి పాత పద్ధతే. అది నాకూ సుఖంగానే ఉంది.

జూన్‌లో ఒకనాడు బీమా దరఖాస్తు వచ్చింది. ఆ పదకొండులో ఒక కంపెనీదే. లోయిస్ పని మధ్యలో లోపలికి వచ్చి, చేతులు కడుక్కుని, బల్ల దగ్గర కూర్చుని నింపింది. పేరు, ఊరు, పుట్టిన తారీకు. కాగితం వెనక్కి తిప్పి చూసింది. మళ్ళీ ముందుకి తిప్పింది. కవరు బోర్లించి దులిపింది, ఇంకో కాగితం లోపల ఇరుక్కుందేమోనని.

"ఏమిటే వెతుకుతున్నావు?" అంది కెజియా.

"ఏం లేదమ్మా. జబ్బుల సంగతి ఏమీ అడగలేదు."

"మరి కూర్చున్నావేం?"

లోయిస్ సంతకం పెట్టింది. కవరు నాలికతో తడిచేసి అంటించి, నా ముందు పెట్టి, పోస్టులో వెయ్యమని చెప్పి లేచింది. బయట కట్టేసిన గుర్రం అసహనంగా కాళ్ళు మారుస్తోంది. దానికింకా రెండు కాళ్ళు మిగిలున్నాయి.